వికారాబాద్, తాండూరు ప్రాంతంలో అంటుకామెర్ల నివారణ: నీటి పాలన చరిత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం

హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌ల వల్ల కలిగే కామెర్లు ప్రధానంగా మలంతో కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వ్యాపిస్తాయి. వైరస్ శరీరంలో ప్రవేశించిన కొన్ని వారాల తరువాత గాని కళ్లు పచ్చబడవు. ఈ వ్యవధి కారణంగా నీటికీ వ్యాధికీ మధ్యనున్న సంబంధం సామాన్యుల అనుభవానికి అందలేదు. ప్రభుత్వ రికార్డులకు కూడా ఆలస్యంగానే అందింది. మూసీ, కాగ్నా నదుల ఎగువన ఉన్న వికారాబాద్, తాండూరు పట్టణాలను ఆధారంగా తీసుకొని, కామెర్ల నివారణ రోగి చికిత్స నుండి నీటి రక్షణ వైపు మళ్లిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1955-56 నాటి ఢిల్లీ, 2005 నాటి హైదరాబాద్ అనుభవాలను ఈ ప్రాంతానికి అన్వయిస్తుంది. పారిశుద్ధ్యం సగం మెరుగుపడిన దశలోనే హెపటైటిస్-ఎ పెద్దవయసువారికి ప్రమాదకరంగా మారుతుందనీ, అందువల్ల చిన్న పట్టణాల నీటి పాలన ప్రస్తుత దశలో కీలకమనీ నిరూపించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలక పదాలు: కామెర్లు, హెపటైటిస్-ఎ, వికారాబాద్, తాండూరు, అనంతగిరి, కాగ్నా, మూసీ, క్లోరినేషన్, ప్రజారోగ్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ రాజ్యపు వైద్యచరిత్రలో కలరా, ప్లేగు, మశూచి, మలేరియా తరచుగా ప్రస్తావనకు వస్తాయి. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన ఘట్టం, 1911 నాటి ప్లేగు, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కృషి ఆ చరిత్రలో స్థిరమైన చోటు పొందాయి. కామెర్లకు అటువంటి చోటు దక్కలేదు. పల్లెల్లోనూ పట్టణాల్లోనూ అందరికీ తెలిసిన ఈ వ్యాధి చరిత్రరచనలో ఇంతగా మరుగున పడడానికి కారణాలను దాని స్వభావంలోనే వెతకాలి.

కలరా కొన్ని గంటల్లోనో, నాలుగైదు రోజుల్లోనో బయటపడుతుంది. ఒక వీధిలో ఒకేసారి పలువురు మరణిస్తే బావిపైకి అనుమానం పోతుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో ఒక చేతిపంపును గుర్తించగలగడానికి ఆ వేగం కూడా తోడ్పడింది. హెపటైటిస్-ఎ అలా కాదు. వైరస్ సోకిన తరువాత వ్యాధి బయటపడడానికి 15 నుండి 50 రోజులు, సగటున 28 రోజులు పడుతుంది. రోగులలో అత్యధికులు వాటంతట అవే కోలుకుంటారు. మరణాలు నూటికి ఒకటి కన్నా తక్కువ. ఆలస్యంగా వచ్చి, ఎక్కువమందిని చంపకుండా పోయే వ్యాధి పాలకుల దృష్టిని ఆకర్షించలేదు.

ఈ పరిశీలనకు ఒక పరిమితి ఉంది. హెపటైటిస్-ఎ వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూడగలిగింది 1973లో. అంతకుముందు ఏ ఊరిలో కామెర్లు వ్యాపించినా వాటిని ఏ ఒక్క వైరస్‌కూ నేరుగా అంటగట్టడం చరిత్రకారునికి తగదు. అందుచేత ఈ వ్యాసంలో పాతకాలపు వ్యాధిని ‘అంటుకామెర్లు’ అనీ, ప్రయోగశాలలో నిర్ధారణ సాధ్యమైన కాలానికి సంబంధించినంతవరకే ‘హెపటైటిస్-ఎ’, ‘హెపటైటిస్-ఇ’ అనీ వ్యవహరించడం జరిగింది.

2. రోగి కేంద్రంగా సాగిన వైద్యం

ఆయుర్వేదం ఈ వ్యాధిని ‘కామల’ అన్నది. చరకసంహిత పాండురోగ చికిత్సతో పాటు కామలను వివరించింది. తెలుగులో ‘పచ్చకామెర్లు’ అనే మాట లక్షణాన్ని బట్టి ఏర్పడింది. పచ్చకామెర్ల వానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత ఈ వ్యాధి జనజీవనంలో ఎంత పరిచితమో చెబుతుంది. అయితే పేరు గాని సామెత గాని వ్యాధి ఎక్కడినుండి వచ్చిందో చెప్పవు. రెండూ కంటిని, చర్మాన్ని, అంటే రోగిని మాత్రమే చూస్తాయి.

చికిత్స కూడా ఆ దిశలోనే సాగింది. నేలఉసిరి వంటి మొక్కల పసరు తాగించడం, ఉప్పు, నూనె మాన్పించి పథ్యం పెట్టడం, కొన్నిచోట్ల చేతిపై వాత పెట్టడం తెలుగునాట విరివిగా కనిపించే పద్ధతులు. ఇక్కడ ఒక తార్కికమైన చిక్కు ఉంది. హెపటైటిస్-ఎ సోకినవారు ఏ మందూ లేకపోయినా సాధారణంగా కొన్ని వారాల్లో కోలుకుంటారు. పసరు తాగినవాడూ కోలుకుంటాడు, తాగనివాడూ కోలుకుంటాడు. కాని కోలుకున్న కీర్తి పసరుకు దక్కుతుంది. తరతరాలుగా మందుకు పేరు నిలిచిందే తప్ప నీటిపై అనుమానం కలగలేదు. వాతల వల్ల గాయాలు, కఠిన పథ్యం వల్ల నీరసం, ఆసుపత్రికి చేరడంలో జాప్యం వంటి నష్టాలు మాత్రం రోగికి మిగిలాయి.

రోగిని కేంద్రంగా చేసుకున్న ఆలోచన సంప్రదాయ వైద్యానికే పరిమితం కాదు. నిజాం పాలన చివరి దశలో వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండపై క్షయరోగుల కోసం శానిటోరియం వెలసింది. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, జనసమ్మర్దానికి దూరం ఆనాటి క్షయచికిత్సలో ప్రధానాంశాలు. రోగిని ఊరినుండి వేరుచేస్తే ఊరికి రక్షణ అన్నది దాని వెనుకనున్న సూత్రం. క్షయ విషయంలో ఆ సూత్రానికి కొంత అర్థం ఉన్నది. కామెర్ల విషయంలో అది చాలదు. హెపటైటిస్-ఎ సోకినవాని మలంలో వైరస్ అధికంగా వెలువడేది కళ్లు పచ్చబడడానికి ముందరి ఒకటి రెండు వారాలలోనే. రోగిగా గుర్తించి వేరుచేసే నాటికి వ్యాప్తిలో పెద్దభాగం పూర్తయి ఉంటుంది. వేరుచేయవలసింది ప్రధానంగా రోగిని కాదు, తాగునీటి నుండి మలాన్ని.

3. జలవిభాజకంపై రెండు పట్టణాలు

అనంతగిరి కొండలు ఒక జలవిభాజకం. మూసీ ఇక్కడ పుట్టి తూర్పుగా ప్రవహించి హైదరాబాద్ మీదుగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కాగ్నా ఈ ప్రాంతపు నీటిని పడమరకు తీసుకొనిపోయి, తాండూరు మీదుగా కర్ణాటకలో ప్రవేశించి భీమా నదిలో కలుస్తుంది. భీమా మళ్లీ కృష్ణను చేరుతుంది. ఒకే కొండల వర్షం రెండు దారులలో పోయి చివరకు ఒకే నదికి చేరడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

నేల స్వభావంలో రెండు పట్టణాలకు తేడా ఉంది. అనంతగిరి దక్కను లావాశిలలపై ఏర్పడిన ఎర్రని జేగురురాతి కొండ. తాండూరు పరిసరాలు భీమా పరీవాహకపు సున్నపురాతి నేల. తాండూరు బండలుగా, షాబాదు బండలుగా ఇళ్ల గచ్చుకు వాడే నాపరాయి ఈ నేలలోనిదే. ప్రజారోగ్య దృష్ట్యా ఇది గమనించదగిన అంశం. ఇసుక, మట్టి పొరలలో ఇంకే నీరు కొంతవరకు వడగట్టబడుతుంది. పగుళ్లు గల సున్నపురాతిలో మురుగునీరు ఆ వడపోత లేకుండా పగుళ్ల వెంట వేగంగా భూగర్భజలాన్ని చేరగలదు. మరుగుదొడ్డి గుంతకూ బావికీ మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలన్న సాధారణ నియమం ఇటువంటి నేలలో పూర్తి భరోసా ఇవ్వదు. 2014లో ప్రారంభమైన స్వచ్ఛభారత్ కార్యక్రమం కింద మరుగుదొడ్లు పెరగడం మేలే. కాని గుంతల స్థలనిర్ణయంలో నేల పొరలను పరిగణించకపోతే, బహిరంగ మలవిసర్జన తగ్గిన చోట భూగర్భ కాలుష్యం పెరిగే అవకాశం ఉంది.

పాలనాచరిత్రలోనూ ఈ ప్రాంతం ముక్కలుగానే ఉండింది. వికారాబాద్ పేరు 1893 నుండి 1901 వరకు హైదరాబాద్ ప్రధానమంత్రిగా ఉన్న పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీదుగా వచ్చింది. పైగా సంస్థానాలకు సొంత పాలనాయంత్రాంగం ఉండేది. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయ్యేవరకు ఇటువంటి ప్రాంతాల వివరాలు దివానీ ప్రాంతాల వివరాలతో ఒకే వరుసలో దొరకవు. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆంధ్రప్రదేశ్‌లోని హైదరాబాద్ జిల్లాలో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాయి. అంటే తాండూరు ఆరోగ్యచరిత్రను రాయదలచిన పరిశోధకుడు మూడు జిల్లాల పాత దస్త్రాలను, రెండు రాష్ట్రాల పాలనాభాషలను దాటి రావాలి. ఊరు కదలకపోయినా దస్త్రం కదిలింది. కామెర్ల వంటి నెమ్మదైన వ్యాధి ఆ కదలికలో జాడ లేకుండా పోవడం సహజం.

4. రాజధాని నీరు, ఎగువ పట్టణాల నీరు

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. విచిత్రంగా ఆ సంఘటనకు రెండు రోజుల ముందు, సెప్టెంబరు 26న, అమెరికాలోని జెర్సీ నగరంలో తాగునీటికి క్లోరిన్ కలిపే శాశ్వత ఏర్పాటు పెద్ద ఎత్తున మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని రాబోయే శతాబ్దంలో నగరాల నీటిని నిర్ణయించిన రెండు ఆలోచనలు, అంటే ఎగువన నీటిని నిలపడం, దిగువన దానిని శుద్ధి చేయడం, ఒకే వారంలో రెండు దూరదేశాలలో రూపుదిద్దుకోవడం మొదలుపెట్టాయి.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదనివారణకు తలపెట్టిన జలాశయాలు రాజధానికి తాగునీటి వనరులయ్యాయి. ఆ విధంగా అనంతగిరి పరిసరాల పారిశుద్ధ్యం హైదరాబాద్ ప్రజల ఆరోగ్యంతో ముడిపడింది. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఈ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నియంత్రించింది. 2022లో ప్రభుత్వం ఆ నియంత్రణలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు జారీచేసింది.

ఈ క్రమమంతటా కేంద్రస్థానంలో ఉన్నది రాజధాని అవసరం. ఎగువ ప్రాంతం ‘పరీవాహకం’గా గుర్తింపు పొందింది. తానూ నీరు తాగే పట్టణంగా దానికి లభించిన ప్రాధాన్యం తక్కువ. తాండూరు కాగ్నాపై, బోరుబావులపై ఆధారపడింది. ఎండాకాలంలో ప్రవాహం సన్నబడే నదిలో మురుగుపాలు పెరుగుతుంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఈ పరిస్థితిని మార్చింది. వికారాబాద్ జిల్లాకు శుద్ధిచేసిన కృష్ణాజలాలు పైపుల ద్వారా చేరసాగాయి. తాను కృష్ణకు పంపిన నీటిని ఈ ప్రాంతం మళ్లీ కృష్ణనుండే తెచ్చుకోవలసి వచ్చింది. అయినా దూరపు శుద్ధికేంద్రంలో నీరు ఎంత శుభ్రపడినా, ఊరిలోని చివరి వంద మీటర్ల పైపులోనే దాని గుణం నిర్ణయమవుతుంది. ఆ చివరి మజిలీ బాధ్యత స్థానిక సంస్థలది.

5. ఢిల్లీ, హైదరాబాద్: రెండు పాఠాలు

నీటి ద్వారా కామెర్లు వ్యాపిస్తాయని శాస్త్రీయంగా తేలడానికి రెండవ ప్రపంచయుద్ధకాలపు పరిశోధనలు తోడ్పడ్డాయి. 1944లో అమెరికాలోని ఒక వేసవి శిబిరంలో కామెర్లు వ్యాపించగా, కలుషితమైన బావినీరే మూలమని నీఫ్, స్టోక్స్ గుర్తించారు. అదే సందర్భంలో గామా గ్లోబ్యులిన్ ఇచ్చినవారిలో వ్యాధి తగ్గిందని 1945లో ప్రకటించారు. 1947లో మెక్‌కల్లమ్ ఆహారజలాల ద్వారా వచ్చే రకాన్ని ‘ఎ’ అనీ, రక్తం ద్వారా వచ్చే రకాన్ని ‘బి’ అనీ పేర్కొన్నాడు.

భారతదేశంలో ఈ అవగాహనకు పరీక్ష 1955లో ఎదురైంది. ఆ సంవత్సరం వరదల అనంతరం యమున పాయ దారి మార్చుకోగా, నవంబరులో నజఫ్‌గఢ్ కాల్వ మురుగు వజీరాబాద్ నీటి సేకరణకేంద్రం వైపు వెనుదన్నింది. ప్రమాదాన్ని గమనించిన సిబ్బంది పటికను, క్లోరిన్‌ను పెంచారు. టైఫాయిడ్ వంటి బాక్టీరియా వ్యాధులు పెద్దగా పెరగలేదు. కాని కొన్ని వారాల తరువాత, డిసెంబరు, జనవరి నెలలలో, సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చాయి. డాక్టర్ ఆర్. విశ్వనాథన్ ఈ ఉదంతాన్ని 1957లో విపులంగా నివేదించారు. బాక్టీరియాను చంపిన క్లోరిన్ మోతాదు వైరస్‌ను ఆపలేకపోయిందన్నది ఇందులోని మొదటి పాఠం. నీటిలో బురద, సేంద్రియపదార్థం ఉన్నప్పుడు క్లోరిన్ వాటితోనే ఖర్చవుతుంది. ముందు వడపోత, తరువాత క్లోరిన్ అన్న క్రమం తప్పితే ప్రమాదం తప్పదు.

రెండవ పాఠం పావుశతాబ్దం తరువాత తెలిసింది. చిరకాలం ఈ వ్యాధిని ‘ఎ’ రకంగానే భావించారు. 1980లో, భద్రపరచిన రక్తనమూనాలను పరీక్షించగా అది హెపటైటిస్-ఎ కాదని తేలింది. 1978 నాటి కాశ్మీరు కామెర్లను పరిశీలించిన డాక్టర్ ఖురూ కూడా కొత్త వైరస్‌ను సూచించారు. 1983లో రష్యన్ శాస్త్రవేత్త బలయాన్ తనపైనే ప్రయోగం చేసుకొని ఆ వైరస్‌ను చూపగలిగాడు. అదే నేటి హెపటైటిస్-ఇ. భారతదేశంలో పిల్లలందరికీ చిన్ననాడే హెపటైటిస్-ఎ సోకిపోతుంది కనుక పెద్దలలో వచ్చేది ‘ఇ’ అన్న అభిప్రాయం అప్పటి నుండి బలపడింది.

2005లో హైదరాబాద్ నగరంలో వ్యాపించిన కామెర్లు కూడా హెపటైటిస్-ఇ వల్ల వచ్చినవే. పరిశోధకులు 1611 కేసులను గుర్తించారు. తాగునీటి పైపులు బహిరంగ మురుగుకాల్వలను దాటిపోయే వాడలలో, అలా దాటని వాడలలో కన్నా వ్యాధి రేటు చాలా ఎక్కువగా ఉంది. రెండింటికీ తేడా అయిదురెట్లకు పైమాటే. పైపూ కాల్వా ఒకదానినొకటి ఎక్కడ దాటుతున్నాయో తెలిపే పటమే కామెర్ల పటమయింది. విడతల వారీ సరఫరా ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. నీరు వదలనప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్ల గుండా బయటి మురుగు లోపలికి చేరుతుంది. రోజు విడిచి రోజు నీరు వచ్చే ప్రతి చిన్న పట్టణానికీ ఇది వర్తిస్తుంది. 2009లో భోలక్‌పూర్‌లోనూ, 2018లో గుంటూరులోనూ, 2024లో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసారం ప్రాణాలు తీసినప్పుడు అందరి చూపు తాగునీటి వైపు తిరిగింది. అతిసారం కొద్ది రోజుల్లోనే నిలదీస్తుంది. కామెర్లు నెల ఆగి నిలదీస్తాయి. ఆ నెలలో పైపు మరమ్మతై, సాక్ష్యం చెరిగిపోవచ్చు.

6. సగం శుభ్రతలోని ప్రమాదం

హెపటైటిస్-ఎ స్వభావంలో ఒక వైపరీత్యం ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు సోకితే అధికశాతం మందిలో కళ్లు పచ్చబడవు. సాధారణ జ్వరంగా వచ్చి పోతుంది. ఒకసారి సోకితే జీవితాంతం రోగనిరోధకశక్తి నిలుస్తుంది. పెద్దవారికి మొదటిసారి సోకితే పదిమందిలో ఏడుగురికి పైగా కామెర్లు కనిపిస్తాయి. వయసుతో పాటు కాలేయం దెబ్బతినే ప్రమాదమూ పెరుగుతుంది.

పారిశుద్ధ్యం బొత్తిగా లేని ఊరిలో అందరికీ పసితనంలోనే సోకి, పెద్దలలో వ్యాధి కనిపించదు. పూర్తిగా శుభ్రమైన దేశంలో వైరసే తిరుగదు. మధ్యదశలో, అంటే పిల్లలు శుభ్రమైన నీటితో పెరిగి రక్షణ లేకుండా యువకులై, నీటివ్యవస్థ మాత్రం అప్పుడప్పుడు దెబ్బతినే సమాజంలో, వ్యాధి విజృంభిస్తుంది. 1988లో షాంఘైలో కలుషితమైన ఆల్చిప్పల మాంసం వల్ల సుమారు 3 లక్షల మందికి హెపటైటిస్-ఎ రావడం, వారిలో యువకులే అధికంగా ఉండడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మన దేశంలోనూ, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు 1980, 1990 దశకాల రక్తనమూనాలను పోల్చి, ఆర్థికంగా మెరుగైన వర్గాలలో ఈ వైరస్‌కు ప్రతిదేహాలు గలవారి శాతం తగ్గిందని చూపారు. 2024లో ఆరోగ్యసూచికలలో ముందున్న కేరళలో, ఎర్నాకుళం జిల్లా వెంగూరు పంచాయతీలో 200 మందికి పైగా హెపటైటిస్-ఎ బారినపడ్డారు.

వికారాబాద్, తాండూరు వంటి పట్టణాలు నేడు ఈ మధ్యదశలోకి ప్రవేశిస్తున్నాయి. నల్లానీరు, డబ్బానీరు, ఇంటింటి మరుగుదొడ్డి వల్ల పిల్లలకు తొలిప్రాయపు సంక్రమణ తగ్గుతుంది. ఇది ప్రగతికి గుర్తే. కాని పైపు, కాల్వ, గుంత మధ్య దూరం పాతకాలపుదే అయితే, గురుకుల వసతిగృహాల విద్యార్థులు, కళాశాల యువత, నాపరాతి గనులకు వలస వచ్చిన కార్మికులు రక్షణ లేని వర్గాలవుతారు. రివర్స్ ఆస్మాసిస్ కేంద్రాలలో శుద్ధిచేసిన నీటిలో క్లోరిన్ మిగలదు కనుక, డబ్బాలో గాని కుండలో గాని మళ్లీ కలుషితమైతే దానిని కాపాడేది ఏదీ ఉండదన్నదీ గమనార్హం.

7. వ్యాధి ప్రబలినప్పుడు: కాలగణన ఆధారంగా నివారణ

పై చర్చను స్థానిక ఆచరణకు అన్వయించవచ్చు. అనంతగిరి పద్మనాభస్వామి కార్తీక జాతరకు గాని, తాండూరు భావిగి భద్రేశ్వరస్వామి జాతరకు గాని వచ్చిన జనం ఒకచోట కలుషితమైన నీరు తాగారని ఊహిస్తే, వారందరూ తమ తమ ఊళ్లకు చేరుకున్న రెండు నుండి ఏడు వారాల తరువాత వేర్వేరు గ్రామాలలో కామెర్లు కనిపిస్తాయి. ఏ ఒక్క ఆరోగ్యకేంద్రానికీ అది ప్రబలిన వ్యాధిగా తోచదు. అందువల్ల మొదటి కర్తవ్యం కేసులన్నింటినీ ఒకే జాబితాలో చేర్చి, ప్రతి రోగి విషయంలోనూ 15 నుండి 50 రోజులు వెనక్కు లెక్కించడం. ఆ రోజులలో అందరికీ ఉమ్మడిగా ఉన్న నీరు, విందు, వసతిగృహం ఏదో తేల్చడం రెండవది. 2004లో ప్రారంభమైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఉద్దేశం ఇదే. దానికి ప్రాణం ఆశా కార్యకర్త ఇచ్చే తొలి సమాచారం.

మూడవది నిర్ధారణ. ఎ, ఇ రకాలను వేరుచేసే ఐజీఎమ్ ప్రతిదేహ పరీక్ష కొద్దిమంది రోగులకైనా తప్పనిసరి. హెపటైటిస్-ఇ గర్భిణులకు, ప్రత్యేకించి చివరి నెలలలో, ప్రాణాంతకం. టీకా హెపటైటిస్-ఎకు ఉపకరిస్తుంది. కాబట్టి వైరస్ పేరు తెలియడం ఆచరణకు అవసరం. తాండూరు జిల్లా ఆసుపత్రి, 2023లో ప్రారంభమైన వికారాబాద్ ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నందున ఈ నిర్ధారణ బాధ్యతను జిల్లాలోనే నిర్వహించే అవకాశం పెరిగింది.

నాలుగవది నీరు. పరీక్ష ఫలితాల కోసం ఆగకుండా అనుమానిత పైపును మూసి, ట్యాంకర్ల ద్వారా క్లోరిన్ కలిపిన నీరు ఇవ్వాలి. చివరి కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలన్నది భారత ప్రమాణం. వ్యాధి ప్రబలినప్పుడు 0.5 మిల్లీగ్రాములకు పెంచాలి. బావులకు వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల నాణ్యమైన బ్లీచింగ్ పౌడర్ చొప్పున కలిపి, గంటసేపు ఆగి వాడాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడోవంతు ఉంటుంది. తేమ తగిలి నిల్వ ఉన్న బస్తాలో అది హరించుకుపోతుంది. కాబట్టి చల్లిన పొడి పరిమాణం కన్నా కుళాయి వద్ద కొలిచిన క్లోరిన్ ముఖ్యం. 1982లో మాంజా, మౌర్య, రావు రూపొందించిన హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష బాక్టీరియా జాడను గ్రామస్థాయిలో తెలుపగలదు. అయితే ఢిల్లీ అనుభవం చూపినట్లు, బాక్టీరియా లేనంతమాత్రాన వైరస్ లేదనడానికి వీలులేదు. అందుచేత ఆ వారాలలో ఇంటింటా నీటిని మరిగించి తాగడమే నమ్మదగిన రక్ష.

అయిదవది ఇల్లు. మలవిసర్జన తరువాత, వంటకు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆల్కహాల్ ద్రావణాలు ఈ వైరస్‌పై అంతగా పనిచేయవు. వంటవారికి వ్యాధి సోకితే కళ్లు పచ్చబడిన తరువాత కనీసం వారం రోజులు వంటకు దూరంగా ఉండాలి. తాండూరు ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ, మరాఠీ, తండాలలో లంబాడీ భాష వినిపిస్తాయి. ఈ సూచనలు ఆ భాషలలో చేరకపోతే చేరవలసిన ఇళ్లకే చేరవు.

8. టీకా: అందుబాటులో ఉన్నా అందనిది

హెపటైటిస్-ఎ టీకా 1990వ దశకం ఆరంభంలో ఐరోపాలో వాడుకకు వచ్చింది. వైరస్‌కు గురైన రెండు వారాలలోపు ఇస్తే వ్యాధిని చాలావరకు నివారిస్తుంది. అంటే వసతిగృహంలో మొదటి కేసు కనిపించగానే మిగిలిన విద్యార్థులకు రక్షణ కల్పించే మార్గం ఉన్నది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను చౌకగా రూపొందించిన హైదరాబాద్ నగరమే, 2024 జనవరిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ద్వారా దేశీయ పరిజ్ఞానంతో రూపొందిన తొలి హెపటైటిస్-ఎ టీకాను వెలువరించింది. హెపటైటిస్-బి టీకా జాతీయ సార్వత్రిక కార్యక్రమంలో చేరింది. హెపటైటిస్-ఎ టీకా ఇంకా చేరలేదు. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఈ రకాన్ని కూడా పరిధిలోకి తీసుకున్నా, ఖర్చు భరించగల కుటుంబాల పిల్లలకే టీకా ప్రధానంగా అందుతున్నది. మధ్యదశలోని పట్టణాలలో ఈ అసమానత రేపటి రోగుల జాబితాను నేడే నిర్ణయిస్తుంది.

9. ముగింపు

1. కామెర్ల చికిత్సాసంప్రదాయం రోగినే చూసింది. వాటంతట అవే తగ్గే వ్యాధి కావడం వల్ల మందుకు కీర్తి దక్కి, నీటిపై దృష్టి పడలేదు.

2. వ్యాధి బయటపడడానికి పట్టే వ్యవధి, పాలనా సరిహద్దుల మార్పు కలిసి వికారాబాద్, తాండూరు ప్రాంతపు కామెర్ల చరిత్రను దస్త్రాలలో చెదరగొట్టాయి. గుల్బర్గా, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల రికార్డులను ఒకచోట చేర్చి చదవడం భావి పరిశోధకుల పని.

3. మూసీ ఎగువ ప్రాంతం రాజధాని నీటికోసం రక్షణ పొందినంతగా, ఎగువ పట్టణాల సొంత నీరు శ్రద్ధ పొందలేదు.

4. ఢిల్లీ, హైదరాబాద్ అనుభవాలు శుద్ధికేంద్రం ఒక్కటే చాలదనీ, పైపు మురుగుకాల్వను దాటే చోటే నివారణకు కీలకస్థానమనీ తెలుపుతున్నాయి. తాండూరు సున్నపురాతి నేలలో మరుగుదొడ్డి గుంత, బోరుబావి సామీప్యం దీనికి తోడయ్యే అంశం.

5. సగం మెరుగైన పారిశుద్ధ్యం హెపటైటిస్-ఎను పసిపిల్లల నుండి యువతకు మళ్లిస్తుంది. అందువల్ల నీటివ్యవస్థను పూర్తిచేయడం, వసతిగృహాలలో టీకా అందించడం ఏకకాలంలో జరగాలి.

కళ్లు పచ్చబడిన నాటికి కారణమైన నీరు ప్రవహించి నెల దాటుతుంది. కాబట్టి ఈ వ్యాధి విషయంలో వ్యాప్తి మొదలైన తరువాతి చర్య ఎప్పుడూ ఆలస్యమే. పైపుల పటం, చివరి కుళాయి వద్ద రోజువారీ క్లోరిన్ నమోదు, ఆశా కార్యకర్త జాబితా అనే మూడు సాధారణ దస్త్రాలు ముందే సిద్ధంగా ఉన్న పట్టణమే కామెర్లను నిలువరించగలదు.